“పిల్లలు వద్దనుకున్నాము” అన్న సహోదరికి



ఈ నెల మాకు చేరిన ఉత్తరములలో బోయిన్‌పల్లి నుండి ఒక సహోదరి వ్రాసినది ఉన్నది. ఆమె పేరు, వీధి, ఉద్యోగము ఇక్కడ చెప్పము. ఆమె అనుమతితో సారాంశము మాత్రము ఇస్తున్నాము. వయస్సు 34. వివాహమై ఏడు సంవత్సరములు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, ఇద్దరూ విశ్వాసులు. ఆమెకు బుద్ధిమాంద్యముతో పుట్టిన అన్న ఒకడున్నాడు. తల్లి అతనిని చిన్ననాటి నుండి చెయ్యి పట్టుకొని మనోవికాస్ నగర్‌లోని సంస్థకు తీసుకొని వెళ్లి, తిరిగి ఇంటికి తెచ్చుకునేది. మూడేళ్ల క్రితము ఆ తల్లి ప్రభువునందు నిద్రించింది. అప్పటి నుండి అన్న ఈ సహోదరి ఇంటనే ఉన్నాడు. పిల్లలు వద్దని భార్యాభర్తలిద్దరూ కలిసి నిర్ణయించుకున్నారు.

ఇంతవరకు అది వారిద్దరి సంగతి. తరువాత అది ఇంటిల్లిపాది సంగతి అయింది, ఆ తరువాత సంఘము సంగతి కూడా అయింది. అత్తగారు ఆమెను మూడుసార్లు ఉపవాస కూటమునకు తీసుకొని వెళ్లారు. అక్కడ గర్భమును మూసిన దురాత్మ తొలగిపోవాలని ఆమె తలమీద చేతులుంచి ప్రార్థించారు. “అయ్యా, నా గర్భమును ఎవరూ మూయలేదు, మేమే వద్దనుకున్నాము” అని చెప్పుటకు ఆమెకు నోరు రాలేదు. చివరకు ఆడపడుచు ఒక కౌన్సెలరు అడ్రసు తెచ్చి, “ఆమె దగ్గరకు నాలుగుసార్లు వెళ్తే వదిన మనసు మారుతుంది” అన్నది. సహోదరి అడిగిన ప్రశ్నలు మూడు. నేను పాపము చేస్తున్నానా? నాకు మతి చెడిందా? కౌన్సెలింగుకు వెళ్లాలా?

మూడవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాము. తప్పక వెళ్లండి సహోదరీ. అయితే ఆడపడుచు చెప్పిన పని కోసము కాదు.

మన వైపు కౌన్సెలింగు అన్న మాటకు వింత గతి పట్టింది. ఇంజనీరింగు సీటు కోసము వరుసలో నిలబడుట ఒక కౌన్సెలింగు. పోట్లాడుకున్న భార్యాభర్తలను పోలీసు స్టేషనులో కూర్చోబెట్టి చెప్పే బుద్ధులు ఇంకొక కౌన్సెలింగు. అందుచేత కౌన్సెలింగు అంటే దారి తప్పినవారిని దారికి తెచ్చుట అని అందరూ అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. అమెరికా దేశస్థుడైన కార్ల్ రోజర్స్ అను మనస్తత్వ శాస్త్రవేత్త, 1902లో పుట్టి 1987లో మరణించినవాడు, యౌవనములో దైవసేవకు సిద్ధపడి న్యూయార్కులోని వేదాంత కళాశాలలో చేరాడు. తరువాత ఆ చదువు విడిచి మనస్తత్వ శాస్త్రములోనికి వెళ్లాడు. ఎదుటివారికి తీర్పు తీర్చకుండా, సలహాలు కుమ్మరించకుండా, పూర్తి మనసుతో వింటే వారు తమ హృదయమును తామే చూచుకోగలరని ఆయన నేర్పాడు. నేటి కౌన్సెలింగులో చాలా భాగమునకు పునాది అదే. పిల్లలు కనమని ఒప్పించుట కౌన్సెలరు పని కాదు. వద్దన్న నిర్ణయమునకు ముద్ర వేసి పంపుట కూడా ఆమె పని కాదు. ఆ నిర్ణయము మీదేనా, లేక ఏదో గాయము మీ చేత చేయిస్తున్నదా అని మీరు తెలుసుకొనువరకు మీ ప్రక్కన కూర్చొనుట ఆమె పని.

దీనికి వాక్యములో హన్నా కథను చూడండి (1 సమూయేలు 1వ అధ్యాయము). హన్నా బిడ్డ కోసము ఏడ్చింది, మన సహోదరి అందుకు ఏడ్చుట లేదు. కనుక ఈ కథ ఆమెకు వర్తించదు అని మీరనవచ్చు. మేము హన్నా కోసము కాదు, యాజకుడైన ఏలీ కోసము ఈ కథ ఎత్తాము. ఆమె పెదవులు మాత్రము కదలుట చూచి ఆయన ఆమె త్రాగి ఉన్నదనుకున్నాడు. ఒక ప్రశ్నయైనా అడుగక గద్దించాడు. ఆమె తన దుఃఖము విప్పి చెప్పిన తరువాత ఆయన మెత్తబడ్డాడు, సమాధానముతో పొమ్మని దీవించాడు. విచిత్రమేమంటే, ఆమె దేవుని ఏమి అడిగిందో ఆయన అప్పటికీ ఆరా తీయలేదు! ఆమె తనంతట చెప్పినంత విన్నాడు, ఆ పైన దేవునికి విడిచిపెట్టాడు. సంఘ కాపరులు, ఉపవాస కూటములు నడిపించేవారు ఈ రెండవ ఏలీని చూచి నేర్చుకోవలసినది చాలా ఉన్నది. మూసిన ఆత్మ ఉన్నదని ప్రార్థించేముందు “అమ్మా, నీకు దేని కోసము ప్రార్థన కావాలి?” అని అడుగుటకు అర నిమిషము చాలు.

“మాకు పిల్లలు వద్దు” అన్న మాట వెనుక అందరికీ ఒకే సంగతి ఉండదు. కొందరికి ఆ మాట ఒక దుప్పటి. పిల్లలు కలుగక, పరీక్షల మీద పరీక్షలు చేయించుకొని, భర్త తన పరీక్షకు ససేమిరా అంటే, ఆ లోపము తన మీద వేసుకొని కొందరు స్త్రీలు “మేమే వద్దనుకున్నాము” అంటారు. ఈ కారణముచేతనే ఏ స్త్రీని కూడా పదిమందిలో “ఎందుకు వద్దు?” అని అడుగరాదు. దుప్పటి లాగితే లోపలి గాయము చూచేది ఆ పదిమందీ.

మరికొందరికి కానుపు అంటేనే వణుకు. ప్రతి స్త్రీకీ ఉండే భయము వంటిది కాదు. నిద్ర పట్టనీయని భయము, భర్త దగ్గరకు రానీయని భయము. 2000లో బ్రిటన్‌లోని ఇద్దరు వైద్యులు దీనిని గూర్చి వ్రాసి టోకోఫోబియా అని పేరు పెట్టారు. చిన్ననాట దుర్మార్గుల చేతిలో పడినవారిలో, మొదటి కానుపులో చావు దాకా వెళ్లి వచ్చినవారిలో ఇటువంటి భయము కనిపించవచ్చు. ఇది బోధతో పోదు, చికిత్సతో తగ్గుతుంది. ఇంట పెద్ద కూతురై పుట్టి పదేళ్ల వయస్సునుండే తమ్ముళ్లను, చెల్లెళ్లను చంకనెత్తుకొని పెంచినవారు కూడా ఉన్నారు. వారు “నా పిల్లలను నేను అప్పుడే పెంచేశాను” అంటారు. విన్నవారు నవ్వుతారు గాని వారు నవ్వులాటకు అనరు.

ఇంకొక రకము ఉన్నది. భర్త త్రాగి వచ్చి కొడతాడు. “ఈ ఇంటికి ఒక బిడ్డను తీసుకొని రాలేను” అని ఆ స్త్రీ లోలోపల ప్రమాణము చేసుకుంటుంది. అత్తవారు ఆమెను కౌన్సెలింగుకు పంపుతారు! పంపవలసినది అతనిని. బిడ్డ పుడితే వాడే మారతాడన్న మాట మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నది. మా మట్టుకు మేము ఆ మాటను నమ్మము. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ ఇచ్చే చట్టము 2005లో వచ్చింది. అటువంటి ఇంటి స్త్రీకి మొదట కావలసినది ఆ రక్షణ.

ఇవేవీ లేకుండా, ఊరకనే, బిడ్డను కనాలన్న కోరిక లేనివారు కూడా ఉన్నారు. వారిని ఎంత త్రవ్వినా గాయము దొరకదు. ఉంటేనే కదా దొరికేది. పిల్లలు వద్దనుకొనుట ఏ వైద్య గ్రంథములోను రోగముగా వ్రాయబడి లేదు. కనుక సహోదరీ, మీ రెండవ ప్రశ్నకు జవాబు ఇదే: మీకు మతి చెడలేదు.

ఇక మీ ఉత్తరమునకు వస్తాము. దానిని మేము రెండు మూడుసార్లు చదివాము. అందులో మూడు సంగతులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నవి. ఒకటి, అన్నవలె బిడ్డ పుడుతుందేమోనన్న భయము. రెండు, అమ్మ పోయిన దుఃఖము. మూడు, మీరే వ్రాసినట్లు, “నా చేతులు ఖాళీ లేవు.” కౌన్సెలరు దగ్గర ఈ మూడింటిని విడదీయండి. విడదీయక నిర్ణయము తీసుకుంటే పదేళ్ల తరువాత అందులో ఏది ఏడిపిస్తున్నదో తెలియదు.

భయము సంగతి వైద్యమునకు చెందినది, దానికి కొంతవరకు జవాబు ఉన్నది. బుద్ధిమాంద్యము అంతా వంశపారంపర్యము కాదు. కానుపులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవుట, పుట్టిన వెంటనే ముదిరిన కామెర్లు, మెదడు వాపు, ఇటువంటివి కారణమైతే అది తోబుట్టువు బిడ్డకు రాదు. డౌన్ సిండ్రోమ్ అయితే 21వ క్రోమోజోము ఒకటి అధికముగా ఉండుట వలన వస్తుంది. అది చాలావరకు వంశములో నడిచేది కాదు, కొద్దిమందిలో మాత్రము నడుస్తుంది. ఫ్రాజైల్ ఎక్స్ అనునది వేరు, అది తల్లి ద్వారా రావచ్చును, అక్కచెల్లెళ్లలో దాగి ఉండవచ్చును. మీ తల్లిదండ్రులది మేనరికము అని వ్రాశారు. దగ్గరి రక్తసంబంధములో ఇద్దరి యందును దాగి ఉన్న ఒకే లోపము బిడ్డలో కలిసి బయటపడవచ్చు. మీరు చేసుకున్నది బయటి సంబంధము గనుక ఆ రకమైన ప్రమాదము మీకు చాలా తగ్గుతుంది. వీటిలో మీ అన్నది ఏదో తెలియకుండా మీరు ఏడేళ్లు భయపడుతున్నారు. జన్యు వైద్యులు మొదట మీ అన్ననే పరీక్షిస్తారు, మిమ్మును కాదు. అతని కారణము తెలిస్తేనే మీ సంగతి చెప్పగలరు. మీ ఇంటికి దగ్గరలోనే ఉన్న ఆ జాతీయ సంస్థ 1984లో ప్రారంభమైనది. ఇప్పుడు దాని పేరు మారినా బోయిన్‌పల్లివారు ఇంకా ఎన్.ఐ.ఎం.హెచ్. అనే అంటున్నారు. తల్లిదండ్రులకే గాక తోబుట్టువులకు కూడా ఎక్కడ సలహా దొరుకునో అక్కడ అడగండి. మీ అమ్మగారి నాటి పాత కాగితములు ఉంటే తీసుకొని వెళ్లండి.

పరీక్షలో భయము పోయిందనుకోండి. అప్పుడు పిల్లలను కనాలా? కనాలని మేము అనము. భయము పోయిన తరువాత కూడా “వద్దు” అనిపిస్తే అది స్వేచ్ఛగా అన్న వద్దు. “కావాలి” అనిపిస్తే అదియు స్వేచ్ఛగా అన్నదే. కౌన్సెలింగు ఈ తేడా కోసమే.

దుఃఖము మాట కొంచెమే చెబుతాము. మూడేళ్లలో మీరు ఒక్కసారి కూడా తీరికగా ఏడ్వలేదని మీ ఉత్తరము చెబుతున్నది. అమ్మ పోయిన మరుదినము నుండి అన్నకు స్నానము చేయించుట మీ పని అయింది. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలమీద ఊరక కూర్చున్నారు (యోబు 2:13), వారు చేసిన మంచిపని అంతవరకే. మీ దగ్గర అట్లు కూర్చున్నవారు ఎవరూ లేరు.

చేతులు ఖాళీ లేవన్న మాటకు సంఘములో మేము తరచు వినే జవాబు ఒకటున్నది. “ఆమెకు పిల్లలు లేకపోయినా అన్నను బిడ్డవలె చూచుకుంటున్నది, అది గొప్ప సేవ” అంటారు. మెచ్చుకొనుటకే అంటారు గాని అందులో ఒక ముల్లు ఉన్నది. పిల్లలు లేని స్త్రీ దానికి బదులుగా ఏదో గొప్ప కార్యము చేసి చూపితేనే గాని ఆమెను క్షమింపము అన్నట్లు ఉంటుంది. గుంటూరులో 1883 నుండి స్త్రీలకు, పిల్లలకు వైద్యము చేసి, 1898లో ఆసుపత్రి తెరచిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసాని అవివాహిత. వేలూరులో ఆసుపత్రిని, స్త్రీల వైద్య కళాశాలను స్థాపించిన డాక్టరు ఐడా స్కడర్ కూడా అవివాహిత. వారిని “నీకు పిల్లలేరి?” అని ఎవరూ అడుగరు. ఆసుపత్రి కట్టలేని సామాన్య స్త్రీని మాత్రము అడుగుతారు. ఆమె ఆసుపత్రి కట్టనవసరము లేదు, అన్నకు స్నానము చేయించి ఋజువు చూపనవసరము కూడా లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, అన్నిటికంటె బరువైనది. పాపమా?

పిల్లలు దేవుడిచ్చే స్వాస్థ్యమని 127వ కీర్తన చెబుతున్నది, మేము దానిని సంపూర్ణముగా నమ్ముతున్నాము. ఫలించుడని దేవుడు పలికిన మాట (ఆదికాండము 1:28) మానవజాతి మీద పలికిన ఆశీర్వాదము. ఇంటింటికి వచ్చి హాజరు పిలిచే పట్టీగా దానిని చేయరాదు. సంతానము లేని షండులకు దేవుడు తన మందిరములో కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు ఇస్తానని యెషయా 56వ అధ్యాయములో వాగ్దానము చేశాడు. జనసమూహములో ఒక స్త్రీ యేసును కన్న గర్భము ధన్యమని కేకవేసినప్పుడు, వాక్యము విని గైకొనువారే మరి ధన్యులని ఆయన చెప్పాడు (లూకా 11:27, 28). ఇందులో ఆయన తన తల్లిని తక్కువ చేయలేదు, స్త్రీ విలువను గర్భముతో కొలుచుటను ఒప్పుకొనలేదు. అకుల, ప్రిస్కిల్ల దంపతులను గూర్చి అపొస్తలుల కార్యములలోను పౌలు పత్రికలలోను పలుమార్లు చదువుతాము. వారి ఇంట సంఘము కూడినదని ఉన్నది, పిల్లలున్నారని గాని లేరని గాని ఒక్క మాట లేదు. వాక్యము మౌనముగా ఉన్నచోట మన పొరుగువారు కూడా మౌనముగా ఉంటే బాగుండును.

క్రైస్తవులందరూ దీనిలో ఒకే మాట మీద లేరని కూడా చెప్పాలి. వివాహమైనవారు సంతానమునకు తమను మూసుకొనరాదని కతోలిక సంఘము బోధిస్తున్నది. 2022 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ గారు, పిల్లలకు బదులుగా కుక్కలను, పిల్లులను పెంచుకొనే దంపతుల విషయములో ఇది ఒక విధమైన స్వార్థము అన్నారు. ఆంగ్లికన్ బిషప్పులు 1930లో లాంబెత్ సమావేశములో, తగిన కారణమున్నచోట దంపతులు గర్భనిరోధమును వాడవచ్చునని కొన్ని హద్దులతో ఒప్పుకున్నారు. స్వార్థము కొరకు పిల్లలను వద్దనువారు లేరని మేము అనము. స్వార్థము కొరకు పిల్లలను కనువారు కూడా ఉన్నారు గదా! ముసలితనములో చూచుకొనుటకు, వంశము నిలుచుటకు, ఆస్తి నిలుచుటకు కంటారు. హృదయములను పరిశోధించువాడు దేవుడు.

మా తీర్పు అడిగితే మేము చూచేవి రెండే. ఇద్దరూ నిజముగా ఒప్పుకున్నారా? ఒకరు వద్దని, మరొకరు రాత్రిపూట గోడవైపు తిరిగి ఏడ్చుట ఒప్పందము కాదు. రెండవది, పెళ్లికి ముందు చెప్పారా? ఈ సంగతి దాచిపెట్టి వివాహము చేసుకొనుట మోసము, దానిని మేము మోసమనే అంటాము. మీరు ముందే చెప్పారని, మీ భర్త తెలిసి ఒప్పుకున్నాడని వ్రాశారు. అటువంటప్పుడు దీనిని పాపమని పిలుచుటకు వాక్యములో మాకు ఆధారము కనిపించుట లేదు.

ప్రభుత్వముల మాట కూడా ఒకటి చెప్పి ముందుకు పోతాము. “మేమిద్దరం, మాకిద్దరు” అని ఎర్ర త్రికోణముతో గోడలమీద వ్రాసినవారే, 1994 పంచాయతీ చట్టముతో ఇద్దరికి మించి పిల్లలున్నవారిని ఎన్నికలలో నిలువనీయలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తివేసింది, ఎక్కువమందిని కనండని అక్కడి ముఖ్యమంత్రి గారు పిలుపు కూడా ఇచ్చారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము స్త్రీకి సగటున పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా తగ్గకుండా నిలువవలెనంటే 2.1 కావాలట. లెక్కలు వేసేవారు లెక్కలు వేసుకోనీయండి. మీ కౌన్సెలరు ఈ లెక్క మీ ముందు పెడితే ఇంకొక కౌన్సెలరును వెదకుకోండి.

“ఆపరేషను చేయించుకుంటే ఈ మాటలన్నీ ఆగిపోతాయేమో” అని మీరు చివరలో వ్రాసిన వాక్యము మాకు నచ్చలేదు. అది కోపములో వచ్చిన మాట. ప్రభుత్వ నియమముల ప్రకారము స్త్రీకి ఆ ఆపరేషను చేయుటకు కనీసము ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉండాలి, వైద్య కారణముంటే తప్ప. అది అటుంచి, అత్తగారి నోరు మూయించుటకు మీ శరీరమును కోయించుకొనుట ఏమి న్యాయము? పదేళ్లు పనిచేసే కాపర్-టి ఉన్నది, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా వేస్తారు, కావాలన్నప్పుడు తీసివేస్తారు.

అత్తగారితో మాట్లాడవలసినది మీరు కాదు, మీ భర్త. ఏడేళ్లుగా ఆమె మిమ్మును మాత్రమే అడుగుతున్నారు, ఆయన పేపరు చదువుకుంటున్నారు. “అమ్మా, ఇది మా ఇద్దరి నిర్ణయము, అడగాలంటే నన్నడుగు” అని ఆయన నోట ఒకసారి రావాలి. అయితే ఆమెను శత్రువుగా చూడకండి. “ఇంకా విశేషము లేదా?” అని ఆమెను వీధిలో అడిగేవారున్నారు. నాయనమ్మ అనిపించుకోవాలన్న ఆశ ఆమెది నిజమైన ఆశ, అది పోవుట నిజమైన దుఃఖము. ఆమెకు కూడా ఎవరో ఒకరు చెవి ఒగ్గాలి.

కౌన్సెలరును ఎంచుకొనుటలో జాగ్రత్త. ఆ బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి, నంబరు అడగండి, అడుగుట తప్పు కాదు. నిద్ర లేకపోవుట, ఆకలి చచ్చిపోవుట, చావు తలంపులు ఉంటే ఆలస్యము చేయక మానసిక వైద్యుని చూడాలి. ఎర్రగడ్డ పేరు చెబితే మనవారు నవ్వుతారు గాని అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి మనవంటివారి కోసమే ఉన్నది. ఇంటి నుండియే మాట్లాడాలంటే 14416 అను టెలి మానస్ నంబరుకు తెలుగులోనే ఫోను చేయవచ్చు, డబ్బు పుచ్చుకోరు. మీరు చెప్పినది రహస్యముగా ఉంచవలెనని 2017 మానసిక ఆరోగ్య చట్టములో ఉన్నది. మీ ఆడపడుచు ఫోను చేసి “వదిన ఏమన్నది?” అని అడిగినా వారు చెప్పరాదు. ఇదే నియమము సంఘములో కూడా ఉండాలి. ఒక స్త్రీ కన్నీటితో చెప్పినది వచ్చే ఆదివారము ప్రార్థన విన్నపముగా చదువుతుంటే ఆమె రెండవసారి చెప్పదు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లండి, రెండవసారి భర్తతో వెళ్లండి. తరువాత అత్తగారిని తీసుకొని వెళ్లాలో వద్దో మీరే చూచుకోండి. మీరు చనిపోతే అన్న గతి ఏమిటన్న ప్రశ్న కూడా అక్కడ పెట్టండి, ఎందుకంటే పిల్లలను వద్దనుకున్న తరువాత మీకు రాత్రులు నిద్ర చెరుపుతున్నది అదేనని మాకు తోస్తున్నది. 1999 నేషనల్ ట్రస్టు చట్టము క్రింద, జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ అతనికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమిస్తుంది. నిరామయ అను ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉన్నది.

మీరు కౌన్సెలరు దగ్గర ఉండే గంటసేపు అన్నను ఎవరు చూస్తారని అడిగారు. మీ సంఘములోని స్త్రీల సమాజము వారిని అడగండి. మేమును మీ కాపరికి వ్రాస్తాము, మీ సంగతి ఏమీ చెప్పకుండా, ఒక విశ్వాసి ఇంట రెండు గంటలు తోడు కావాలని మాత్రము. చిక్కుడుకాయల ఈనెలు తీయుట అన్నకు చాలా ఇష్టమని వ్రాశారు గదా. మార్కెట్టు నుండి రెండు కిలోలు తెచ్చుకొని అతని ప్రక్కన కూర్చొనుటకు ఇద్దరు చాలు.